చేతుల తనిఖీ

ప్రార్థన అయిపోగానే హెడ్మాస్టర్ రఘునందన్ ఏడో తరగతి కావేరిని ముందుకు పిలిచి చేతులెత్తించాడు. గోళ్ల సందున పసుపు. తెల్లారే తల్లితో కలిసి కొమ్ములు ఏరి వచ్చింది పిల్ల.

"గీ చేతులతోనా పుస్తకాలు ముట్టేది? జూడుండ్రి అందరు!"

పిల్లలంతా నవ్వారు. వాళ్లలో సగం మంది తల్లులు ఆర్మూర్ పసుపు యార్డులో కూలీలే. ఆ పిల్లలే అందరికన్నా గట్టిగా నవ్వారు.

నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. హమాలీ సంఘం లింబాద్రిని, బడి కమిటీ సభ్యుణ్ణి. చేతులు శుభ్రంగా ఉంటేనే తరగతిలోకి రానివ్వాలన్న తీర్మానం మీద నా సంతకం ఉంది. బడి మొహం చూడక, సంఘంలోనే చదవడం నేర్చిన నన్ను సార్లు కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. ఆ మురిపెంలో పెట్టాను. పిల్ల చేతులెత్తి నిలబడ్డప్పుడు కుర్చీలోంచి లేవలేదు. ఇది దాచి కథ చెబితే నేను దొంగను.

కావేరి బడి మానేసింది. తల్లి గంగామణి కలిపిన ముద్ద కూడా ముట్టలేదు. "నీ చేతులు పచ్చగున్నయ్" అంది. వారం తిరగకముందే విద్యాశాఖ ఆఫీసు మనిషొకడు యార్డుకొచ్చి, పిల్లను బడికి పంపకపోతే కేసవుతుందని బెదిరించాడు.

ఆ మధ్యాహ్నం పసుపు కుప్పల నడుమ ఆడవాళ్లు గుమిగూడారు.

"మాన్పియ్యి. ఏం చదువులే!" అంది ఒకామె.

"మాన్పిస్తే మన లెక్కనే కుప్పల కాడ కూసుంటది" అంది మంగవ్వ. "పంపితేనేమో, మా పెద్దోడు పది పాసయిండు. బజార్ల నన్ను జూస్తే మొకం తిప్పుకుంటడు."

గంగామణి నా వైపు తిరిగింది. "మీటింగులల్ల మస్తు మాట్లాడుతవ్ గదన్న. గా కాయితం మీద నీ దస్కతే ఉన్నదట?"

"పెట్టిన."

"సదివే పెట్టినవా?"

"సదివే."

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

కార్మికులారా, విద్యార్థులారా! చట్టం చేసి మరీ పిల్లల్ని లాక్కెళ్లి మొట్టమొదట నేర్పేది కన్నతల్లి పనిని చూసి సిగ్గుపడడం. సిగ్గుపడ్డవాడు సంఘంలోకి రాడు, కూలి పెంచమని అడగడు. ఆ పాఠానికి నేనూ పంతులునయ్యాను.

మర్నాడు నలభై మంది ఆడవాళ్లు పని ఆపి, ప్రార్థన వేళకు బడి ఆవరణలో బైఠాయించారు. హెడ్మాస్టర్ ఫోన్ చేస్తే ఎస్సై వచ్చాడు.

"మీ లీడరెవరు?"

అలవాటు కొద్దీ లేచాను. గంగామణి అంగీ పట్టి గుంజింది. "నువ్వు సప్పుడు జేయకు. నీ మాట విన్నం." ఎస్సై వైపు తిరిగింది. "గా తీర్మానం చింపేదాక లేవం సార్. " పిల్లల వరుసల వైపు చూసి పిలిచింది. "మా పిల్లలు మా పక్కకు రాండ్రి!"

ఒక్కరూ కదల్లేదు. అందరి చూపులూ నేల మీదే. చాలాసేపటికి, తల్లి వెంట వచ్చి గేటు దగ్గరే ఆగిపోయిన కావేరి నడిచొచ్చి ఆమె పక్కన కూర్చుంది.

కూర్చున్నవాళ్ల పేర్లు కేసులో రాసేందుకు ఎస్సై కాగితం తీశాడు. "నీ పేరేంది?"

"కొమ్ములేరే గంగామణి బిడ్డ కావేరి."

వరుసలోంచి ఇంకో గొంతు వినబడింది. "మంగవ్వ చిన్నకొడుకు శివ!" ఆ తర్వాత వరుసలే లేవు, పిల్లలంతా తల్లుల పక్కన చేరారు.

నా వంతు వచ్చింది. ఇన్నేళ్లలో ఏ సభలోనూ నేను ఎత్తని పేరు ఒకటుంది. అదే చెప్పాను.

"బీడీలు జుట్టే గంగాబాయి కొడుకు లింబాద్రి. రాస్కో."