దసరాకో రంగు

నేను ఒక ఎలక్ట్రిక్ గిటారుని. మామూలు గిటారులా నా పొట్ట బోలు కాదు, నిండు కర్ర. కరెంటు తగిలితే పెళ్లిపందిరి దద్దరిల్లేలా పాడతాను, తగలకపోతే దోమకన్నా కాస్త గట్టిగా మూలుగుతాను. నవ్వకండి. మైకు చేతికొస్తేగానీ గొంతు లేవనివాళ్లు మీ మనుషుల్లో మాత్రం తక్కువా?

కలకత్తాలో ఒక ఇరుకు సందులో పుట్టాను. నా ఒళ్లు ఒక కర్ర, మెడ వేరే కర్ర. ఒంట్లో ఒక గూడు చెక్కి, అందులో మెడను కూర్చోబెట్టి, వెనకనుంచి మరలు బిగించారు. నడుమ పసుపు, అంచుల్లో ముదురు గోధుమ రంగు పూసి రైలెక్కించారు. అంత అందంగా మళ్లీ ఎప్పుడు కనిపిస్తానో అప్పుడు నాకు తెలియదు పాపం.

సామర్లకోటలో నన్ను అందుకున్నది అబ్బులు. పిల్లగాలి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. పెళ్లిళ్లు, జాతర తీర్థాలు, చవితి పందిళ్లు, ఆ చుట్టుపక్కల మేం వెళ్లని ఊరు లేదు. పొద్దున్న నిద్రలేచిన దగ్గర్నుంచీ నన్ను ఒళ్లో పెట్టుకుని ఏదో ఒకటి వాయిస్తూనే ఉండేవాడు. "కంచం ముందు కూర్చున్నప్పుడైనా దాన్ని కింద పెట్టండి బాబూ" అని అతని భార్య నూకరత్నం కసురుకునేది. కసురుతూనే కాలితో తాళం వేసేది, నేను చూశాను.

అబ్బులికి ఒక భక్తి ఉండేది. దసరాకి లారీవాడు లారీకి, దర్జీ కుట్టుమిషనుకి పూజ చేసుకున్నట్టే ఆర్కెస్ట్రావాళ్లు వాయిద్యాలకి చేసుకుంటారు. మిగతావాళ్లు పసుపు, కుంకుమ పెట్టి ఊరుకునేవారు. అబ్బులికి అది ఆనేది కాదు. పూజలో కూర్చునే ముందు నాకు కొత్త రంగు పడాల్సిందే. తీగలు విప్పి, మెడ ఊడదీసి, ఒంటిని దండేనికి తలకిందులుగా వేలాడగట్టి, ఇనపగేట్లకి కొట్టే ఎనామిలు రంగు కొట్టేవాడు. పాతది గీకి కొత్తది వెయ్యాలన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు మహానుభావుడికి. పైగా "అమ్మవారి ముందు పెట్టే వస్తువు, మూల వదిలేత్తే ఎలా?" అని మెడ కూర్చునే గూట్లో కూడా దట్టంగా పూసేవాడు.

తలకిందులుగా ఉన్నాను కదా, ఆ రంగు జారి గూటి అంచున చేరి అక్కడే గడ్డకట్టేది. దానిమీదే మళ్లీ మెడను బిగించేవాడు. ఏటేటా ఆ గడ్డ పెరిగింది. ఏటేటా నా మెడ గోరంత ముందుకి వాలింది. మెడ వాలేకొద్దీ తీగలు, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లకి ఎడంగా లేచాయి. తీగ ఎంత లేస్తే వేలు అంత బలంగా నొక్కాలి. తీగల్ని ఎత్తిపట్టే వంతెనని దించడానికి మరలుంటాయి, అవీ రంగులో పూడుకుపోయాయి.

వేళ్లకి నొప్పి ఒక్కసారిగా వస్తే కారణం వెతికేవాడేమో. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వచ్చింది. అప్పటికే ఒంట్లో షుగరుందని తేలింది, వయసూ మీదపడింది. ఇంకేం, నేరమంతా తన వేళ్లమీదే వేసుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం లోకం తీరు. మా ఇంట్లో నిజంగా మద్దెలే ఓడు, ఆ పిచ్చిమారాజు మాత్రం తన ఆటనే తిట్టుకున్నాడు. నాకు తెలుసు. చెప్పడానికి నోరేదీ? ఒకరు మీటితేగానీ పలకని జాతి మాది.

ఒక తీర్థంలో, నిండు జనంలో, పాట మధ్యలో అతని చెయ్యి ఆగిపోయింది. వేళ్లు చూసుకుంటూ స్టేజి దిగి వచ్చేశాడు. "ఇవి సచ్చిపోయాయే నూకరత్నం" అని నన్ను దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఆ తర్వాత ఇంట్లో కూనిరాగం కూడా లేదు. కూరలో ఉప్పు మరిచిపోయినా వంకపెట్టకుండా తిని లేచిపోతుంటే ఆవిడకి బెంగ పట్టుకుంది.

ఆర్కెస్ట్రా నడిపే సత్తిబాబు ఒకరోజు వచ్చాడు. "గురువుగారండీ, అటకెక్కించి ఏం చేత్తారు? కొత్తగా చేరిన కుర్రోడికి ఇప్పించండి. కాకపోతే ఆ ఆకుపచ్చ రంగు మాత్రం గీకించాలండి. తలుపులాగుంది."

"నేనే గీకిత్తాను, వచ్చే ప్రోగ్రాం నాడు వచ్చి పట్టుకెళ్లు" అన్నాడు అబ్బులు.

సత్తిబాబు వెళ్లగానే నూకరత్నం విరుచుకుపడింది. "నన్నొక్క మాట అడగక్కర్లేదా?"

"వాయించనోడింట్లో అదెందుకే?"

ఆవిడ విసురుగా లోపలికెళ్లింది. కళ్లు తుడుచుకుని పాత ఇస్త్రీపెట్టె తెచ్చింది, వంటింట్లోంచి అట్లకాడ కూడా తెచ్చింది.

తీగలు విప్పి, మెడ ఊడదీసి, పెరటి వరండాలో నాకు స్నానం మొదలుపెట్టారు. వెండికాగితం పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే రంగు మెత్తబడి బుడగలు లేచేది. అట్లకాడ దూర్చి ఆవిడ పెళ్లలు పెళ్లలుగా లేపేది. అబ్బా, ఆ మంట పగవాడికి కూడా వద్దు! కానీ ఆ బరువు దిగుతుంటే ఎంత హాయి! ఆకుపచ్చ కింద వెండిరంగు, దాని కింద ఎరుపు, ఇంకా కింద నీలం.

"ఈ నీలం మన పెద్దపిల్ల పుట్టిన ఏడు వేసింది కదండీ?"

"కాదే, నీకు టైఫాయిడ్ వచ్చిన ఏడు. ఆసుపత్రి బల్లమీద కూర్చునే వాయించాను, నర్సమ్మ తిట్టింది కూడాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు విని నాకు చాలా కాలమైంది.

చివరికి ఆవిడ చూపు గూటిమీద పడింది. "ఏంటండీ ఇది, ముదురుపాకంలా గడ్డకట్టిపోయింది?"

"లోపలుండేది ఎవడు చూత్తాడు? వదిలెయ్యి."

నా ప్రాణం గిలగిల్లాడింది. గీకు తల్లీ, నీకు పుణ్యముంటుంది!

"ఇచ్చేదేదో శుభ్రంగా ఇద్దాం. మసిగిన్నె వేరేవాళ్లింటికి పంపుతామా?" అని ఆవిడ అట్లకాడ కొసతో పొడిచింది. గడ్డ టప్పున ఊడి గచ్చుమీద పడింది.

తర్వాత ఉప్పుకాగితం పెట్టి, అడుగున మిగిలిన నా పుట్టురంగు కూడా పోయేదాకా ఇద్దరూ ఒళ్లంతా రుద్దారు. వంతెన మరల్ని కిరసనాయిలులో నానేశారు. స్పిరిట్‌లో కరిగిన లక్కని గుడ్డతో పలచగా, ఆరబెట్టి ఆరబెట్టి పూశారు. ఎర్రటి కర్ర, దానిలో నీళ్లలాంటి చారలు. ఇది నా ఒళ్లేనా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ప్రోగ్రాం రోజు సాయంత్రం సత్తిబాబు వ్యానుతో వచ్చేసరికి, అబ్బులు మెడని మళ్లీ గూట్లో కూర్చోబెట్టి నా తీగలు బిగిస్తున్నాడు. శ్రుతి సరిచూసి ఇచ్చేద్దామని, పళ్లు బిగబట్టి, ఎప్పటిలాగే బలమంతా పెట్టి తీగ నొక్కాడు. అంత బలం అక్కర్లేకపోయింది. వేలు ఇలా ఆనించగానే నేను ఖంగున పలికాను.

అబ్బులు ఆగాడు. వేలు చూసుకున్నాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత నాలుగు వేళ్లూ ఒక్కసారి పరిచాడు, ఎన్నాళ్లుగానో అతనికి అందని పట్టు అది. అదీ పలికింది. నన్ను కంటి దగ్గరకెత్తి మెడ పొడుగునా చూశాడు. తీగలు మెట్లని దాదాపు తాకుతున్నాయి.

"నూకరత్నం! ఆ గూట్లో గడ్డేనే మెడని ముందుకి తోసేసింది!" అన్నాడు. "నా వేళ్లు బాగానే ఉన్నాయే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుస్తూనే వాయించాడు. రెండుచోట్ల తప్పాడు, తప్పి నవ్వాడు. నూకరత్నం గుమ్మానికి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనా? చెప్పలేకపోయిన మాటలన్నీ ఆ పూటే చెప్పేశాను.

సత్తిబాబు బుర్ర గోక్కున్నాడు. "మరి మా కుర్రోడికి ఏం చెప్పమంటారండీ?"

అబ్బులు నా పట్టీ భుజాన తగిలించుకుని లేచాడు.

"వాడికింకోటి చూద్దాంలే. వ్యానెక్కడ ఆపావురా?"