పెట్టె కట్టిన రోజు

"బిందె అక్కడ పెట్టవే అంటే వినవేం!" అని మూడోసారి అరవబోయిన వెంకటేశ్వరమ్మ సగంలోనే గొంతు తగ్గించుకుని, "పెట్టమ్మా, పెట్టు తల్లీ" అంది.

సుబ్బరావమ్మ బిందె వదల్లేదు. "నీళ్ళు నేనే తెస్తానత్తయ్యా. రోజూ చేసే పనులన్నీ చెయ్యమంది డాక్టరమ్మ. ఏదీ తగ్గించొద్దంది."

"ఆవిడకేం, అంటది. నడుముకి పెట్టె కట్టుకుని, జాకెట్టులోంచి తీగలు వేలాడేసుకుని బోరింగు కాడికి పోతే ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారు?"

"పమిట కప్పుకుంటాను."

"చెప్తుంటే నీక్కాదూ..." మళ్ళీ గొంతు లేచింది, మళ్ళీ పడింది. అత్తగారు కోడలి నడుముకున్న తోలుసంచీ వంక, పక్కింటి కుక్కను చూసినట్టు ఓరగా చూసి, "కొండమ్మ తెస్తుందిలే. నువ్వు కాసేపు కూచో అమ్మా" అంది. అంటూనే బిందె లాక్కుంది.

పదిహేనేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఎవరూ సుబ్బరావమ్మను కూర్చోమనలేదు. పండక్కి పుట్టింటికి వెళ్తే అక్కడ కూర్చుంది. ఇక్కడ మాత్రం వచ్చిన రోజు నుంచీ నిలబడే ఉంది. ఇవాళ ఈ మర్యాదంతా ఆ పెట్టె పుణ్యం. నిన్న సాయంత్రం పర్చూరులో డాక్టరమ్మ దాన్ని కట్టి పంపగానే మరిది బుల్లయ్య సంచీ మూత ఎత్తి చూశాడు. లోపల చిన్న క్యాసెట్టు, నెమ్మదిగా తిరిగే టేపు. ఆ ఊళ్ళో టేపురికార్డరు మొదట కొన్నవాడు బుల్లయ్యే కాబట్టి ఆ విషయంలో అతని మాటకు తిరుగులేదు. "ఒరేయ్ అన్నాయ్! ఇది వింటంది రోయ్. మనం మాట్లాడేదంతా పట్టేస్తంది. రేపు గుంటూరులో కూచుని మొత్తం పెట్టుకుని వింటారు" అన్నాడు. "మాటలు వినదు బుల్లయ్యా, గుండె చప్పుడొక్కటే పట్టుకుంటుందట" అని సుబ్బరావమ్మ చెప్పబోయింది. "గుండెలో లేంది నోట్లోకి ఎట్టా వస్తదే?" అని అత్తగారు ఆ మాట కొట్టిపారేసింది. ఇంకోసారి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. అక్కడితో ఆమె ఊరుకుంది.

ఆ గుండె మాట ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ నమ్మిందీ లేదు. వేటపాలెంలో పుట్టింట ఉన్నప్పుడు, వోణీలు కూడా వెయ్యకముందు, ఆమెకు కీళ్ళ జ్వరం వచ్చింది. మోకాళ్ళు, మణికట్లు వాచి నెలల తరబడి మంచం దిగలేదు. తగ్గిందనుకున్నారు. పెళ్ళయి వచ్చాక, మిరప కల్లాల రోజుల్లో, కూలీలకు అన్నం గంప నెత్తిన పెట్టుకుని పొలం గట్ల మీద గబగబా నడుస్తుంటే ఉన్నట్టుండి గుండె గతి తప్పేది. ఎండిన మిరపకాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజలు ఎలా చిందరవందరగా గలగలమంటాయో, రొమ్ములో సరిగ్గా అలాగే. ఒక వరస లేదు, ఒక లెక్క లేదు. కళ్ళు చీకట్లు కమ్మేవి. కాసేపటికి దానంతట అదే సర్దుకునేది. చెబితే, "పని దొంగకి దడ తోడయిందిట" అనేది అత్తగారు. "మీ అమ్మకీ ఇంతేగా, వంశంలోనే ఉంది ఈ గాబరా" అనేవాడు మొగుడు వెంకటనారాయణ. ఒకసారి తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు కూడా. ఊరి నుంచి బస్సులో వెళ్ళి, వరసలో కూర్చుని, బల్ల మీద పడుకునేసరికి గుండె బుద్ధిగా కొట్టుకుంది. కాగితం మీద గీతలన్నీ బాగానే ఉన్నాయి. నరాల బలహీనత అని బలం మందు రాసిచ్చారు. "ఏం లేదన్నారుగా" అన్న మాటతో అప్పటి నుంచీ ఆమె నోరు మూయించడం అందరికీ తేలికయిపోయింది.

డాక్టరు జయకుమారి మాత్రం వేరే మనిషి. గుంటూరులో గుండె డాక్టరు. నెలకోసారి పర్చూరు వచ్చి, నాలుగు రోజులుండి, చర్చి ఆవరణలో ఆడవాళ్ళకు గుండె పరీక్షలు చేస్తుంది. నలభై దాటని మనిషి, నూలు చీర, కాళ్ళకు మామూలు చెప్పులు. మొదటిసారి వెళ్ళినప్పుడు రొమ్ము మీద గొట్టం పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. తన గుండెను అంతసేపు ఇంకొకరు వినడం సుబ్బరావమ్మకు ఎంత కొత్తగా అనిపించిందంటే, ఏడుపొచ్చి పైకప్పు వాసాల వంక చూస్తూ పడుకుంది. "మీకు దడ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెప్పండి సుబ్బరావమ్మగారూ" అంది డాక్టరు. గారూ అని ఆమెను పిలిచిన మొదటి మనిషి కూడా ఆవిడే. మిరపకాయ గింజల సంగతి చెబితే నవ్వలేదు. రెండోసారి చెప్పించుకుంది.

వెంకటనారాయణకు అర్థమయ్యేట్టు చెప్పింది కూడా ఆవిడే. "మీ భార్య గుండెలో ఒక కవాటం కాస్త బిగుసుకుంది. చిన్నప్పటి జ్వరం చేసిన పని. అంతవరకూ ఫరవాలేదు. కానీ లయ తప్పుతోందా అన్నది తెలియాలి. కాలవలో నీరు పారినంతసేపూ బాగుంటుంది. నిలిస్తే నాచు పడుతుంది. ఆ నాచు ముద్ద కొట్టుకుపోయి ఎక్కడో తూముకి అడ్డం పడుతుంది. గుండెలో రక్తమూ అంతే. ఆ ముద్ద తలకి పోతే కాలూ చెయ్యీ పడిపోతాయి. లయ తప్పడం నేను కళ్ళారా చూస్తే మందు మొదలుపెడతాను. చూడకుండా ఇచ్చే మందు కాదది."

తూము సంగతి తెలిసిన రైతు కాబట్టి వెంకటనారాయణ తల ఊపాడు. ఇంటికొచ్చాక మాత్రం వెంకటేశ్వరమ్మ, "పల్లెలో కూలోళ్ళ పిల్ల మనకి చెప్పొచ్చింది" అంది. ఆ మాట విన్నప్పుడు సుబ్బరావమ్మకు అవమానం తనకే జరిగినట్టనిపించింది. కూలోళ్ళ పిల్ల అక్కడి నుంచి గొట్టం చేతబట్టే దాకా ఎన్ని గుమ్మాల బయట నిలబడి ఉంటుందో! తనేమో జ్వరం తగ్గాక బడికి పోతానని నాన్నను రెండోసారి అడగనైనా లేదు.

పెట్టె కట్టేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది: "పుస్తకాల్లో ఉన్నదంతా ఆసుపత్రి మంచాల మీద పడుకున్నవాళ్ళ గుండెల సంగతి. కల్లంలో నడిచే గుండె సంగతి ఎవరూ రాయలేదు. అది నేను తెలుసుకోవాలి. అందుకే చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒకరి తర్వాత ఒకరికి ఇది కడుతున్నాను. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

అలా ఉండనిస్తేనా! ఆ రోజు వంట అత్తగారు చేసింది. అన్నం గంప కూలికి పిలిచిన కొండమ్మ మోసింది. పొద్దున్నే కాఫీ ఇస్తే, "చాలా బాగుంది సుబ్బరావమ్మా" అన్నాడు వెంకటనారాయణ, మాట పెట్టె దాకా చేరేట్టు కాస్త ముందుకు వంగి. ఏమే అని తప్ప ఆయన నోట తన పేరు విని ఎన్నాళ్ళయిందో. బుల్లయ్య స్నానానికి నీళ్ళు తనే తోడుకుని, "నేనే తోడుకున్నా వదినా" అని పెద్దగా ప్రకటించాడు. మధ్యాహ్నం కొండమ్మ అన్నం గంప దించి, చెమట తుడుచుకుంటూ, "ఈ పెట్టె ఏదో బాగానే ఉందమ్మా. నాకూ ఒకటి తెప్పించండి, మా ఆయన ముందర కట్టుకుని తిరుగుతా" అంది. సుబ్బరావమ్మ చాలా రోజుల తర్వాత నోరారా నవ్వింది. అరుగు మీద కూర్చుని, ఎండలో ఎర్రగా పరిచిన కల్లాల వంక చూస్తూ, ఇల్లంటే ఇలా కూడా ఉంటుందా అనుకుంది. గుండె ఒక్కసారి కూడా గలగలమనలేదు.

టేపు మద్రాసు వెళ్ళి, అక్కడి యంత్రంలో చదివించుకుని రావడానికి వారాలు పట్టింది. మళ్ళీ పర్చూరులో మొగుడూ పెళ్ళాం డాక్టరమ్మ బల్ల ముందు కూర్చున్నారు. ఆవిడ పొడుగాటి కాగితం పరిచి, "రోజంతా ఒక్కసారి కూడా లయ తప్పలేదు" అంది.

"నేను చెప్తూనే ఉన్నానండీ. ఊరికే భయం" అని వెంకటనారాయణ కండువా దులుపుకుని లేచాడు.

"కూచోండి."

ఆవిడ అతని వంక చూడలేదు. వేలు కాగితం మీద వెనక్కి జరుపుతోంది, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. కనుబొమలు దగ్గరకొచ్చాయి. అలా ఒక పని మీద అంతగా మనసు పెట్టిన ఆడమనిషిని సుబ్బరావమ్మ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆ ముఖాన్ని చూస్తూ తన సంగతే మర్చిపోయింది.

"ఆ రోజు కల్లంలో కాయలున్నాయా?" అంది డాక్టరు.

"ఉన్నాయండీ. కూలీలు కూడా ఉన్నారు" అన్నాడు వెంకటనారాయణ.

"వాళ్ళకి వంట?"

"మా ఇంట్లోనే."

"అన్నం ఎవరు మోశారు?"

అతను గోడ వంక తిరిగాడు.

"మా అమ్మ మిరపకాయలు ఏరేది" అంది డాక్టరమ్మ, ఎవరినీ తప్పుపట్టనట్టు. "సెలవులకి నేనూ పోయేదాన్ని. ఆకలేసి గట్టు వంక చూస్తూ కూచునేవాళ్ళం. దూరంగా ఆసామి గారి కోడలు గంపతో కనపడేది. ఆలస్యమైతే ఇంట్లో తిడతారని నడకా కాకుండా, పరుగూ కాకుండా వచ్చేది. ఆ నడక ఈ కాగితంలో లేదు. మీ గుండె ఆ రోజు రోజంతా కూచునే ఉంది సుబ్బరావమ్మగారూ."

అప్పుడు సుబ్బరావమ్మ అంతా చెప్పింది. బుల్లయ్య మాట, అత్తగారి గొంతు, కాఫీ పొగడ్త. మొగుడు గోడ వంక చూస్తున్నా ఆపలేదు. డాక్టరమ్మ కళ్ళ వెంట నీళ్ళొచ్చేట్టు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది.

"మిగతా ఆడవాళ్ళ టేపులు కూడా ఇలాగే శుభ్రంగా వస్తున్నాయి. ఎందుకా అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ నేను వాళ్ళ సెలవు రోజును కొలిచానన్నమాట! అందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళాలి. పని మళ్ళీ మొదటికొచ్చింది" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖంలో నామోషీ లేదు, విసుగు లేదు. దారి తప్పానని తెలిసినందుకు సంతోషపడుతున్నట్టుంది. కూరలో తామే ఉప్పెక్కువ వేసుకుని, తప్పు ఉప్పుదేనని సాధించే ఇంట్లో బతికిన సుబ్బరావమ్మకు, తప్పుగా కొలిచానని ఒక మనిషి ఇంత సులువుగా, ఇంత తలెత్తుకుని అనగలగడం పెద్ద వింత. చదువంటే ఇదేనేమో అనుకుంది.

"మళ్ళీ కట్టుకోమని మిమ్మల్ని బలవంతపెట్టను. ఆయాసపడమని రోగికి చెప్పడం డాక్టరు పని కాదు. ఒకవేళ కట్టుకుంటే, దడ రాగానే ఎక్కడున్నా గంప దించి కూచోవాలి. ఆలోచించుకోండి" అని డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

బస్సులో వెంకటనారాయణ, "కల్లం ఎత్తాక చూద్దాంలే. ఇంటి గుట్టు టేపుల్లో పెట్టి ఊరేగించడానికి తొందరేముంది" అన్నాడు. సుబ్బరావమ్మ కిటికీలోంచి చూసింది. కల్లం ఎత్తాక గంప ఉండదు, గట్టు ఉండదు, ఆ నడక ఉండదు. అప్పుడు కట్టినా పెట్టెలో మళ్ళీ మంచి గుండే దొరుకుతుంది. మళ్ళీ "ఏం లేదన్నారుగా" అనే మాటే. ఆ మాటతోనే ఏదో ఒకరోజు గట్టు మీద పడిపోతుంది. పడిపోయాక అందరూ నమ్ముతారు.

పొద్దు వాలుతుండగా అందరూ అన్నాలకు కూర్చున్నారు. మొగుడూ మరిదీ పీటల మీద, అత్తగారు గడప పక్కన. సుబ్బరావమ్మ అందరికీ వడ్డించింది. ఎప్పటిలా గరిటె పట్టుకుని నిలబడలేదు. తనూ కంచం పెట్టుకుని వాళ్ళ ఎదురుగా కూర్చుంది.

"రేపు పర్చూరు వెళ్ళి పెట్టె కట్టించుకొస్తాను" అంది, మజ్జిగ కావాలా అని అడిగే గొంతుతోనే. "ఎవరూ తోడు రానక్కర్లేదు. ఎల్లుండి కొండమ్మని పిలవొద్దు. నీళ్ళు నేనే తెస్తాను, గంప నేనే మోస్తాను. అత్తయ్యా, మీరు గొంతు తగ్గించుకోవద్దు, రోజూ నన్ను ఎట్టా పిలుస్తారో అట్టాగే పిలవండి. మీరూ అంతేనండీ, కాఫీ చల్లారితే గ్లాసు విసిరేసేది విసిరెయ్యండి. ఎవరూ మారొద్దు. దడ వస్తే మాత్రం అక్కడే గంప దించేస్తాను, కూలీలకి ఆలస్యమైనా సరే. నా గుండె ఏం చెబుతుందో ఆవిడ విని నాకు చెబుతుంది. అది తెలిశాక ఈ ఇంట్లో ఏ పని చేస్తానో, ఏది చెయ్యనో నేను మీకు చెబుతాను."