సన్యాసమ్మ బల్ల

నేను ఒక సిమెంటు బల్లను. కొండకు వెళ్ళే బస్సు ఆగేచోట కొన్నేళ్ళపాటు కూర్చున్నాను. కూర్చోబెట్టడం కదా బల్ల పని అంటారేమో. మనుషులు లేచి వెళ్ళాక మేమూ కూర్చునే ఉంటాం, మళ్ళీ ఎవరొస్తారా అని.

నా పుట్టుకకు కారణం ఒక ఎకసెక్కెం. దర్జీ సింహాచలం భార్య సన్యాసమ్మ ప్రతి శనివారం స్వామి దర్శనానికి కొండకు వెళ్ళేది. మోకాళ్ళ నొప్పుల మనిషి. బస్సు వచ్చేదాకా కరెంటు స్తంభం పట్టుకుని నిలబడేది. కుట్టుమిషను దగ్గర నుంచి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే మొగుడితో ఒకనాడు అందట: "నాను పోనాక నా పేర్న ఇక్కడో బల్ల ఏయించు మావా. నువ్వెలాగూ బేగి రావు. కూకుని సూస్తుంటాను."

ఆ ఏడే ఆమె పోయింది. సింహాచలం సంవత్సరీకం భోజనాలు తగ్గించి నన్ను పోయించాడు. సిమెంటు పచ్చిగా ఉండగానే తాపీమేస్త్రి నా వీపు మీద ఆమె పేరు గీశాడు.

ముత్తైదువుగా పోయిన మనిషి కదా అని, మొదటి శుక్రవారం సింహాచలం నన్ను కడిగి, ఆ పేరుకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, ఒక మందారం ఉంచాడు. అదే పొరపాటైంది. మర్నాటికి ఎవరో అగరొత్తులు వెలిగించారు. ఇంకొకరు కొబ్బరికాయ కొట్టారు. బస్సు కోసం వచ్చినవాళ్ళు నా ఎదుట చేతులు జోడించి నిలబడ్డారే గాని, ఒక్కరూ కూర్చోలేదు. కాళ్ళు పీకుతున్నా కూర్చోలేదు.

సింహాచలం తల పట్టుకున్నాడు. "అమ్మోరు కాదమ్మా, మా ఇంటిది. కూకోండి" అంటూ తనే ముందు కూర్చుని చూపించాడు. ఆపైన బొట్టు మానేశాడు. శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో పేరు తుడిచి ఊరుకునేవాడు.

అప్పుడు నాకు మనుషుల బరువు తెలిసింది. చేపలతట్ట దించుకున్న ముసలమ్మ, నెలలు నిండిన పిల్ల, పరీక్ష తప్పి ఇంటికి వెళ్ళడానికి వెనకాడే కుర్రాడు. కూర్చోగానే మనిషి ఒక్కసారి ఊపిరి వదులుతాడు చూడండి, అదే నాకు నైవేద్యం.

తరువాత ఊరికి అభివృద్ధి వచ్చింది. నేనున్నచోట అద్దాల షెల్టరు కడతారట, బస్సు ఎంతసేపట్లో వస్తుందో చెప్పే వెలుగుల బోర్డు పెడతారట. కూలీలు గునపాలతో వచ్చారు. నా అక్షరాల సందుల్లో పాత పసుపు ఇంకా మిగిలి ఉంది. అది చూసి వాళ్ళ మేస్త్రి చెప్పులు విడిచేశాడు.

"అమ్మోరేటి బావూ? అమ్మోరైతే నాను ముట్టను. కాంట్రాక్టరూ ముట్టడు. పక్కకి జరిపి కట్టీస్తాం. ఒక్క మాట సెప్పు సాలు."

సింహాచలం నా వీపు మీద చెయ్యి వేశాడు. అవునంటే నేను ఉంటాను. కానీ ఇన్నేళ్ళూ స్వామి పేరు తలిచిన నోటితో లేని దేవతను పుట్టించడమెలా?

"కాదు నాయనా" అన్నాడు చివరికి. "మా ఆడదాని పేరు."

"నిజం సెప్పి సెడ్డావు బావూ" అని మేస్త్రి చెప్పులు తొడుక్కున్నాడు.

ట్రాక్టరు వెనకాల సింహాచలం కొంతదూరం నడిచాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడిగితే, డ్రైవరు "మున్సిపాలిటీ యాప్‌లో కంప్లైంటు ఎట్టుకో తాతా" అన్నాడు.

ఇప్పుడు మున్సిపాలిటీ దొడ్డిలో, విరిగిన చెత్తబళ్ళ మధ్య ఉన్నాను. నిన్న మధ్యాహ్నం దొడ్డి సూపర్వైజరు నా మీద కూర్చుని, పక్కన టీగ్లాసు పెట్టుకుని ఫోను చూస్తూ నవ్వాడు. "ఎవడో ముసలాయన, సన్యాసమ్మ పేరున్న బల్ల ఎక్కడుందో సెప్పమంటన్నాడు. కొత్త షెల్టరు ఫొటో ఎట్టి, పరిష్కారమైందని కొట్టీసేను."

ఊడుస్తున్న గౌరమ్మ చీపురు ఆపింది. "మీరు కూకున్నది అదే గదా బావూ."

అతను వెనక్కి తిరిగి, అక్షరం అక్షరం చదువుకుని, గబుక్కున లేచాడు. "మూసీసిన కంప్లైంటు మళ్ళీ తెరుచుకోదే" అంటూ నా మీది టీ మరకను జేబురుమాలుతో తుడిచాడు. చెడ్డవాడు కాడు పాపం.

గౌరమ్మ రోజూ ఆ షెల్టరు దగ్గరే బస్సెక్కుతుంది. కూర్చోవడానికి అక్కడ ఏటవాలు గొట్టాలున్నాయట, ఎవరూ పడుకోకుండా. కూర్చున్నవాళ్ళూ జారిపోతారట. బోర్డు మాత్రం ఎప్పుడు చూసినా 'రెండు నిమిషాలు' అంటుందట.

"శనివారం శనివారం ఒక తాత కరెంటు స్తంభం పట్టుకుని నిలబడతాడు" అంది గౌరమ్మ. "ఆయనే అయ్యుంటాడు. రేపు సెప్తాను."

నిజం చెప్పినవాణ్ణి అలా నిలబెట్టేశావేం స్వామీ? అడగకూడదేమో. బల్లను, నాకేం తెలుసు.

ఈరోజు శనివారం. దొడ్డి గేటు చప్పుడైనప్పుడల్లా అటే చూస్తున్నాను. ఆయనెలాగూ బేగి రాడు. కూర్చుని చూస్తుంటాను.