అక్షరానికి తగలని చిల్లు

దాసు బుచ్చయ్యపేట ఫైలుకి ట్యాగు కట్టి, ముడి నచ్చక విప్పి, మళ్లీ కట్టాడు. పొద్దున్న తొమ్మిదిన్నరకే ఇది మూడో కట్టడం. ఫైలు తప్పేమీ లేదు. చేతులే ఊరుకోవడం లేదు.

చోడవరంలో చెరకు ఆఫీసు రికార్డు గదికి ముప్పయ్యొక్క ఏళ్లుగా అతనే అటెండరు. ఆ రోజు జనవరి ముప్పయ్యొకటి, ఉద్యోగానికి ఆఖరి రోజు. సన్నగా పొడుగ్గా ఉంటాడు. కలరా ఉండల వాసన ఒంటికి పట్టేసి, పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా జరిగి కూర్చునేవారు. డబ్బనం నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు కాయ కాసింది. చదివింది ఐదో తరగతి. కూడబలుక్కుని చదువుతాడు గానీ, ఏ కాగితం ఏ కట్టలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తుఫాను వచ్చిన ఏడు గదిలోకి మోకాలి లోతు నీళ్లొస్తే, కట్టలన్నీ పై అరలకెక్కించి రెండు రోజులు వాటి దగ్గరే కూర్చున్నాడు. దేవరాపల్లిలో తన ఇంటి గోడ కూలిందని మూడో రోజున తెలిసింది. భార్య నరసమ్మ ఆ సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

ఇప్పుడతనికి మిగిలిన కోరిక ఒక్కటే. ఆ గదిలోంచి ఒక్క కాగితం పోలేదనిపించుకుని, మాట పడకుండా గేటు దాటాలి. ఇంత చిన్న కోరికకి ఆ రోజే అడ్డం రావాలా?

వచ్చింది. పది గంటలకి ఏసీ గదిలోంచి కంప్యూటరు ఆపరేటరు షర్మిల గాభరాగా బయటికొచ్చింది. రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున్న మెషిన్ ఆన్ చేస్తే, డిస్కు డ్రైవరు దొరకలేదని తెర మీద రాసి అక్కడే ఆగిపోతోంది. సూపరింటెండెంటు బంగార్రాజుగారు డ్రైవరన్న మాట మాత్రమే విని, జీపు డ్రైవరు కోసం మనిషిని పంపారు. డ్రైవరంటే మనిషి కాదనీ, డిస్కుతో ఎలా మాట్లాడాలో మెషిన్‌కి చెప్పే ప్రోగ్రామనీ, అది లేకపోతే లోపలున్న రైతుల పేర్లన్నీ ఉండీ లేనట్టేననీ షర్మిల చెప్పేసరికి ఆయన ముఖం మాడిపోయింది. క్రషింగు సీజను. చీడికాడ నుంచీ, బుచ్చయ్యపేట నుంచీ వచ్చిన రైతులు కటింగ్ ఆర్డర్ల కోసం వరండా నిండా ఉన్నారు. ఆ చీటీ చేతికి రానిదే చెరకు నరకడానికి లేదు.

విశాఖపట్నం కంపెనీకి ఫోను చేశారు. మెషిన్‌తోపాటే డ్రైవరు ఫ్లాపీ ఒకటి ఇచ్చామనీ, అది పెట్టి మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందనీ, అది పోయి ఉంటే ఇంకోటి హైదరాబాదు నుంచి రావడానికి నాలుగు రోజులు పడుతుందనీ ఇంజినీరు చెప్పాడు. బీరువాలు తెరిచారు. సొరుగులు బోర్లించారు. ఫ్లాపీ జాడ లేదు.

దాసుకి కబురు పెట్టేసరికి పన్నెండు దాటింది. మాట వినగానే నిచ్చెన ఎక్కి, ‘యంత్రములు 1994’ అని రాసి ఉన్న కట్ట దింపి, అందులోంచి ఏడో ఫైలు పట్టుకుని రెండు నిమిషాల్లో ఏసీ గది గుమ్మం ముందుకి వచ్చాడు. గర్వంగానే వచ్చాడు. దాచడమెందుకు, ఆ క్షణాన అతని ముఖంలో పెళ్లికళ ఉంది. ఫైలులో మెషిన్ తాలూకు ఉత్తరాలు, వాటి కింద నల్లటి ఫ్లాపీ. దాని పైమూల చిల్లు పొడిచి, అందులోంచి ట్యాగు దూర్చి, ఉత్తరాలతో కలిపి గట్టిగా ముడేసి ఉంది.

షర్మిల నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బంగార్రాజుగారు ఆ చిల్లులోంచి వెలుతురు చూసి, ఫైలును బల్ల మీదికి విసిరికొట్టారు.

“చదువులేనోడి చేతికిస్తే ఇలాగే ఏడుస్తాది. పోయే రోజున ఆఫీసు నెత్తిన చెయ్యి పెట్టేవు కదయ్యా,” అన్నారు.

మెమో టైపు చెయ్యమన్నారు. అది తేలేదాకా రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టనని కూడా అన్నారు. వరండాలో రైతులంతా విన్నారు. వాళ్లలో దేవరాపల్లి వాళ్లూ ఉన్నారు. దాసు కంటే ముందే ఆ మాట ఊరు చేరిపోతుంది.

దాసు రికార్డు గదికి పోయి కూర్చున్నాడు. లేచాడు. అన్నం క్యారేజీ మూత తీసి మళ్లీ పెట్టేశాడు. పోగొట్టలేదు కదా, అడగ్గానే తెచ్చిచ్చాను కదా అని ఒకసారి అనిపిస్తుంది. నిజంగానే పాడు చేశానేమో అని మరుక్షణం అనిపిస్తుంది. మూడేళ్ల కిందట ఆ చిల్లు ఎలా పొడిచాడో గుర్తు తెచ్చుకున్నాడు. ఏ కాగితాన్నయినా ముందు వెలుతురుకి ఎత్తి చూసి, రాత లేని చోటు వెతుక్కుని చిల్లు పెట్టడం అతని పద్ధతి. దీనిమీద రాత కనబడలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. వెనకవైపు ఇనప చక్రాన్ని వేలితో తిప్పితే లోపల ఏదో గుండ్రంగా తిరిగింది. రాత ఉంటే దానిమీదే ఉండాలి. గుండ్రటిదాన్ని చదరపు డబ్బాలో పెడితే మూలలు ఖాళీయే కదా. ఆ మూలనే, బాగా అంచుకి, డబ్బనం కాల్చి పొడిచాడు.

మూడు గంటలకి ఏసీ గది ముందు నిలబడ్డాడు. ఇన్నాళ్లలో ఆ గుమ్మం దాటి ఎరగడు. ఫైళ్లు బయటి నుంచే అందించి పోయేవాడు. అందరిలాగే చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్లాడు. బంగార్రాజుగారు ఇంజినీరుతో ఫోనులో హైదరాబాదు సంగతి మాట్లాడుతున్నారు. విప్పని ట్యాగుతోనే ఫైలు బల్ల మీద పడి ఉంది.

“ఒక్కసారి పెట్టి సూడమ్మా,” అన్నాడు షర్మిలతో. “నేనెప్పుడూ అచ్చరం మీద సిల్లు పెట్టలేదు. దీనికీ పెట్టలేదు.”

పోయేదేముందనుకుందో, పెద్దాయన మాట కాదనలేకపోయిందో, షర్మిల ట్యాగు కత్తిరించి ఫ్లాపీని మెషిన్‌లోకి తోసింది. గరగరమంది. ఆగింది. మళ్లీ గరగరమంది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వరసలు వరసలుగా పరుగెత్తాయి. షర్మిల బంగార్రాజుగారి చేతిలోంచి ఫోను అందుకుని, ఇంజినీరు చెప్పినట్టల్లా మీటలు నొక్కి, మెషిన్ ఆపి మళ్లీ వేసింది. ఈసారి ఆగలేదు. రైతుల పేర్లు వచ్చేశాయి.

“మూలకి పొడిచేడు కాబట్టి సరిపోయిందండి. లోపల డిస్కుకి తగల్లేదు,” అంది.

బంగార్రాజుగారు విన్నారో లేదో, ముందు బుచ్చయ్యపేట చీటీలు తియ్యమని తొందరపెట్టారు. ఇద్దరు గుమాస్తాలు గదిలోకి దూరారు. ప్రింటరు కీచుమంటూ చీటీలు కక్కుతుంటే వరండా మొత్తం లేచి నిలబడింది. ఆ హడావిడిలోనే ఆయన రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం గీకి, మనుషుల మధ్యనుంచి దాసు చేతిలోకి తోశారు. మెమో మాట ఎత్తలేదు. అన్నమాట వెనక్కి తీసుకోనూ లేదు. తీసుకుంటారేమోనని దాసు కాసేపు అక్కడే నిలబడి చూశాడు.

తర్వాత, ఏసీ గదికి రికార్డు గదివైపున ఎప్పుడూ గడియ పెట్టి ఉండే వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. రికార్డు గదిలో లైటు ఆర్పాడు. గదికి తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించాడు. చెరకు బళ్ల పక్కనుంచి వెనక గేటు దాటాడు.

ఐదున్నరకి చీటీలన్నీ అయ్యాక అందరికీ దాసు గుర్తొచ్చాడు. దండ తెప్పించారు, శాలువా తెప్పించారు. బంగార్రాజుగారు గొంతు సవరించుకుని, ఇందాక తొందరపడి ఓ మాటన్నాననీ, తప్పు నాదేనని అందరి ముందూ చెబుతాననీ, దాసుని పిలవమనీ అన్నారు. చూస్తే రికార్డు గదికి తాళం. వెళ్లిపోయి ఉంటాడన్నాడొక గుమాస్తా. షర్మిల ఒప్పుకోలేదు.

“ఎక్కడికెళ్తాడండీ? చెప్పులిక్కడే ఉన్నాయి కదా.”

అదీ నిజమేనని అందరూ కూర్చుని ఎదురు చూశారు. దేవరాపల్లి బస్సు అప్పటికే చోడవరం దాటిపోయింది. చీకటి పడేదాకా చూసి, ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని ఒక్కొక్కరే వెళ్లిపోయాక, ఏసీ గది గుమ్మం పక్కన, మడమల దగ్గర అరిగిపోయి, తెగిన పట్టీని ఫైలు ట్యాగుతో ముడేసి బిగించిన హవాయి చెప్పుల జత ఒకటి మిగిలింది.