ఉత్త ఫ్లాష్

కెమెరాకు పెద్ద మెమరీ కార్డు ఒకటి కొనమని భార్య క్రిస్టినా ఎన్నాళ్ళుగానో పోరుతూనే ఉంది. ప్రకాష్ బాబు వింటేగా! మదనపల్లెలో చర్చి వీధిలో ఉన్న వాళ్ళ స్టూడియోలోకి డిజిటల్ కెమెరా వచ్చి ఏడాది కావస్తోంది. రీళ్ళ కెమెరా బీరువా మీద దుమ్ము తింటోంది. బెంగుళూరులో ఇప్పుడు రెండు జీబీ కార్డులు వచ్చాయని, ఒక్కదాంట్లో పెళ్ళి పెళ్ళంతా పట్టేస్తుందని క్రిస్టినా ఎక్కడో వినొచ్చింది. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చునేది ఆమె, కాబట్టి ఆ బాధ ఆమెకు తెలుసు.

"చిన్న కార్డులు రెండుండాయి, సాలు," అనేవాడతను. "పెద్దది కొని, అది చెడిపోయిందంటే పెండ్లి మొత్తం పోయినట్టే. ఉన్నదంతా ఒకే మూటలో ఎవుడన్నా కడతాడా? అదీగాక, చోటు ఎక్కువైతే చెయ్యి ఊరికే నొక్కుతాది. ఫోటోగ్రాఫరనేవాడు ఏరుకోని తియ్యాల."

వినడానికి ఎంత బాగుందో! స్టూడియోకి వచ్చినవాళ్ళు అవునవునని తలలూపేవాళ్ళు కూడా. అసలు సంగతి మాత్రం అతని బొటనవేలికే తెలుసు.

రీళ్ళ కాలంలో పెళ్ళికి ఇన్ని రీళ్ళని ముందే మాట్లాడుకునేవాళ్ళు. స్టేజీ ఎక్కే జనానికి మాత్రం అంతూపొంతూ ఉండేది కాదు. ప్రతివాళ్ళకీ పెళ్ళికూతురి పక్కన నిలబడి ఫోటో దిగాలని ఉంటుంది. వద్దంటే పెళ్ళివారికి మాటొస్తుంది, అందరికీ తీస్తే రీళ్ళు చాలవు. అందుకని పాత ఫోటోగ్రాఫర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఫ్లాష్ వెనక, అది పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి చిన్న బొత్తాం ఉంటుంది. దాన్ని నొక్కితే తళుక్కున వెలుగొస్తుంది, ఫోటో మాత్రం పడదు. దానికి ఉత్త ఫ్లాష్ అని పేరు. ఎవరికి నిజం ఫోటో, ఎవరికి ఉత్త ఫ్లాష్ అన్నది మొహం చూసి బొట్టు పెట్టడమే. చీర చూస్తే తెలుస్తుంది, చెప్పులు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. వెలుగు పడగానే వాళ్ళు నవ్వుకుంటూ దిగిపోయేవాళ్ళు, ఏదో ఆల్బంలో తామూ ఉన్నామనుకుంటూ బతికేవాళ్ళు. అందులో ఎవరికీ నష్టం లేదని ప్రకాష్ బాబు నమ్మకం. రీళ్ళు పోయినా ఆ బొత్తాం పోలేదు, బొటనవేలి అలవాటూ పోలేదు.

పుంగనూరు మునికృష్ణ కూతురు రేఖ పెళ్ళి కుప్పంలో జరిగింది, మగపెళ్ళివారి ఊళ్ళో. పొద్దున్నుంచీ ప్రకాష్ బాబు హడావుడి చూడాలి! తీసిన ప్రతి ఫోటోనీ కెమెరా వెనకున్న తెరమీద చూపించడమే. "సూడండి, సూడండి, అప్పుడే వచ్చేసింది. ఇంగ రీలు కడిగేదాకా కాసుకోని కూర్చునే పని లేదు," అంటుంటే ఆడవాళ్ళు ఒకరి భుజం మీదుగా ఒకరు వంగి చూసి మురిసిపోయారు. తన గొయ్యి తానే తవ్వుకుంటున్నానని అతనికి అప్పుడు తట్టలేదు.

తలంబ్రాలయ్యేసరికి ఒక కార్డు నిండిపోయింది. రెండోది కూడా సగం దాటింది. ఇంకా భోజనాలున్నాయి, అప్పగింతలున్నాయి. స్టేజీ ముందేమో వరస కదలడం లేదు. బ్యాంకు మేనేజరు, ఆయన భార్య వస్తే ఎందుకైనా మంచిదని మూడు తీశాడు. వాళ్ళ వెనక ఒక పెద్దామె వచ్చింది. నలిగిన నేతచీర, బస్సు దుమ్ము పట్టిన జుట్టు, చేతిలో మూతకు గుడ్డ కట్టిన స్టీలు డబ్బా. చెప్పులు స్టేజీ కిందే విడిచి వచ్చింది. వంటపనికి వచ్చిన మనిషేమో అనుకున్నాడు ప్రకాష్ బాబు. బొటనవేలు దానంతట అదే బొత్తాం మీదికి పోయింది.

ఆమె రేఖ గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. పక్కన నిలబడి, కొంగు సర్దుకుని, డబ్బాను రెండు చేతుల్తో పొట్టదగ్గర పట్టుకుని, ఊపిరి బిగబట్టింది. అంత శ్రద్ధగా ఆ రోజు ఇంకెవరూ నిలబడలేదు.

తళుక్కుమంది.

"అయిపోయిందమ్మా, దిగండి."

ఆమె దిగలేదు. నేరుగా అతని దగ్గరికొచ్చింది. "నాకూ సూపియ్యప్పా. అందరికీ సూపిస్తాండావు కదా."

ప్రకాష్ బాబు వరసవైపు చూశాడు. "బ్యాటరీ అయిపోతాందమ్మా, తర్వాత..." అన్నాడు. ఆ మాట అంటుండగానే, పొద్దున్నుంచీ అలవాటైన వేలు తెర బొత్తాం నొక్కేసింది. తెర దీపంలా వెలిగింది. అందులో రేఖ ఉంది, రేఖ పక్కన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ బ్యాంకు మేనేజరు ఉన్నాడు.

ఆమె కళ్ళు చిట్లించి, వంగి, తెరకు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికింది.

"ఇందులో నేను యాడుండానప్పా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది అతని పని. తెరవంకే చూస్తూ నిలబడ్డాడు. అంతలో స్టేజీ మీదనుంచి రేఖ కేకేసింది. "అత్తా! ఫోటో బాగొచ్చిండాదా?"

అత్త! మునికృష్ణ అక్క రెడ్డెమ్మ ఈమేనన్నమాట. తల్లి మంచాన పడితే రేఖను తన ఊరు సోమలకు తీసుకుపోయి పెంచిందని పొద్దున ఎవరో చెప్పుకుంటున్న రెడ్డెమ్మ. ఈమెవరో తెలిసుంటే తీసేవాడినే కదా అని ప్రకాష్ బాబుకు మొదట తోచింది. ఆ వెంటనే, అలా తోచినందుకు తనమీద తనకే రోత పుట్టింది. తెలియకపోతే మాత్రం?

రెడ్డెమ్మ తలెత్తి అతని మొహంలోకి చూసింది. చెప్పేస్తుంది. ఇంతమందిలో చెప్పేస్తుంది. మునికృష్ణకూ, మగపెళ్ళివారికీ, వరసలో నిలబడ్డవాళ్ళందరికీ తెలిసిపోతుంది. పొద్దున్నుంచీ ఎంతమందికి ఉత్త ఫ్లాష్ కొట్టాడోనని అందరూ లెక్కలడుగుతారు.

"వచ్చిండాది తల్లీ, శానా బాగొచ్చిండాది," అంది రెడ్డెమ్మ గట్టిగా. "నేను నిన్నే సూసినా. నన్ను నేను సూసుకోలా."

తిరిగి వెళ్ళి డబ్బాను రేఖ ఒళ్ళో పెట్టింది. చెప్పులు తొడుక్కుని జనంలో కలిసిపోయింది.

ప్రకాష్ బాబు బ్యాంకు మేనేజరు ఫోటోలు రెండు చెరిపేశాడు. చోటు కోసం కాదు, చోటు ఉండనే ఉంది. ఏదో ఒకటి చెయ్యకపోతే ఉండలేకపోయాడు. వరసను అలాగే వదిలేసి ఆమెకోసం భోజనాల హాల్లో, వంటశాలలో వెతికాడు. బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ కనిపించింది.

"అమ్మా, ఒక్కసారి రా అమ్మా. ఇంగొకటి తీస్తా. పాప పక్కనే నిలబెట్టి తీస్తా."

"తీసినావు కదప్పా."

"అది... అది సరిగ్గా రాలేదమ్మా."

"బాగొచ్చిండాదని పాపకు చెప్పేసినా. మళ్ళీ పోయి నిలబడితే నా మాట అబద్ధమైపోదా?" అంది కొంగుతో చేతులు తుడుచుకుంటూ. మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. "పలమనేరు బస్సుకు పోవాల. సాయంత్రం పాలు పితికేవాళ్ళు లేరు ఇంటికాడ."

గేటుదాకా వెంటపడ్డాడు. అక్కడ ఆగి, బిడ్డకు చెప్పినట్టు మెల్లిగా చెప్పింది. "దాంట్లో చోటు లేకపోతే లేదని చెప్పాల్సింది నాయనా. చోటు లేదంటే నేనేమన్నా అనుకుంటానా? పక్కకు పొయ్యేదాన్ని. అట్లా నిలబెట్టి ఎలుగు కొట్టకూడదు మనిషికి."

బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పగింతల ఫోటోలు ఎలా తీశాడో అతనికే తెలియదు.

ఆ వారంలోనే బెంగుళూరు పోయి రెండు జీబీ కార్డు కొనుక్కొచ్చాడు. "ఇప్పటికన్నా బుద్ధొచ్చింది," అని క్రిస్టినా సంబరపడింది. కుప్పంలో జరిగింది ఆమెకు చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో, ఉత్త ఫ్లాష్ అంటే ఏమిటో తెలియని ఆ పిల్లకు, తనెప్పుడూ అందరికీ ఒకేలా తీస్తానని గొప్పగా చెప్పాడు. ఆదివారం ప్రార్థనలో ఆమె పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంటే రెడ్డెమ్మ ఊపిరి బిగబట్టి నిలబడ్డ తీరే కనిపించేది. కొత్త కార్డు పెట్టుకుని ఏ పెళ్ళికి పోయినా అందరికీ తీసేవాడు. ఆకులెత్తేవాళ్ళను కూడా పిలిచి మరీ తీసేవాడు. ఎంత తీసినా ఆ కార్డు నిండేది కాదు, అతని గుండెలో బరువూ తగ్గేది కాదు.

నెల తిరక్కుండా, ఆల్బంలోకి ఫోటోలు ఏరుకోవడానికి రేఖ భర్తతో కలిసి స్టూడియోకి వచ్చింది. క్రిస్టినా కంప్యూటర్లో ఒక్కొక్కటే చూపిస్తుంటే చివరిదాకా చూసింది.

"మా అత్త ఫోటో యాడండన్నా? నెయ్యి డబ్బా పట్టుకోనుంటాది. అది పెద్ద సైజు చేయించి సోమలకు పంపాల. ఆమెకు ఒక్క ఫోటో కూడా లేదు."

క్రిస్టినా మళ్ళీ మొదటికి పోయి వెతకసాగింది. ప్రకాష్ బాబు ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. కార్డు చెడిపోయిందంటే చాలు. కార్డులు చెడిపోతాయని వచ్చినవాళ్ళకల్లా అతనే చెప్పాడు, ఎవరైనా నమ్ముతారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అది లేదమ్మా," అన్నాడు.

"లేకపోవడమేంది? బాగొచ్చిండాదని అత్తే చెప్పె కదా." రేఖ అతని మొహం చూసి, పాపం అనుకుందో ఏమో, తనే ఒక దారి చూపించింది. "కార్డులో చోటు సాల్లేదాన్నా అప్పుడు?"

అచ్చం వాళ్ళ అత్తే.

మౌసు మీద క్రిస్టినా చెయ్యి ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తోందని అతనికి తెలుసు. తలెత్తలేదు.

"చోటుండిందమ్మా," అన్నాడు ప్రకాష్ బాబు. "నేనే తియ్యలా."