ఒత్తు పట్టిన పిల్లాడు

“కొండబాబు పెళ్లిళ్లకి సన్నాయి ఊదితే మా అత్త పింఛను పోతాదేమోనే గున్నమ్మా,” అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. నా కొడుకు ఇంకా ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. పక్కింటి గున్నమ్మ చోళ్లు చెరుగుతూ నవ్వింది.

“వాన పడకముందే గొడుగు ఆరబెడతావే నువ్వు,” అంది.

గున్నమ్మకేం, ఇద్దరు కొడుకులు నాగలి పడతారు. నా భర్త సోములు పోయాక మాకు తప్పకుండా వచ్చేది మా అత్త జగ్గమ్మ ముసలితనం పింఛనొక్కటే. పోస్టుమేను మనియార్డరు తెచ్చి, ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి వేలిముద్ర వేయించుకుంటాడు. నాకు నాట్లప్పుడూ కోతలప్పుడూ తప్ప కూలి లేదు. ఇంట్లో సంపాదించే మగమనిషి ఉంటే పింఛను ఆపేస్తారని మునసబు మొదట్లోనే హెచ్చరించాడు. కొండబాబు శ్రీకూర్మంలో బడికి వెళ్తున్నాడు కనుక ఇన్నాళ్లూ సాగింది.

సోములు ఈ చుట్టుపక్కల పేరున్న సన్నాయి. పోయేలోపు కొడుక్కి పాట నేర్పాడు. మాఘమాసం వస్తుందనగా సోములు పెదనాన్న కొడుకు, మా అసిరయ్య బావ వచ్చాడు. ఆయనకి సొంత మేళం ఉంది.

“బడి మానక్కర్నేదు నారాయణమ్మా. పెళ్లిళ్ల రోజుల్లోనే నాతో అంపు. ఆడి బాబు సెయ్యే ఆడికీ వచ్చింది,” అన్నాడు.

సన్నాయి దాచుకు చేసే పని కాదు. ఊరి మధ్య ఊదితే పొలిమేరలో గడ్డి కోసుకునేవాళ్లకీ వినిపిస్తుంది. పందిట్లో మునసబు ఉంటాడు, కరణం ఉంటాడు. ఎవరీ కుర్రాడని ఒక్కరడిగితే చాలు. వద్దందామంటే వాడి పుస్తకాలకి మరో దారి లేదు.

“సన్నాయి ఒద్దు బావా. ఒత్తు పట్టించు,” అన్నాను.

సన్నాయి పక్కన నిలబడి, మేళం ఆగేదాకా ఒకటే స్వరం ఊదేవాడిది ఒత్తు. పాటంతా సన్నాయిది. ఒత్తు పట్టినవాడి మొహం ఎవరూ చూడరు, మేళగాడని ఎవరూ లెక్కపెట్టరు. నాకు తోచిన తెలివి అది.

“గుర్రాన్ని పెంచి గాడిద బరువు మొయ్యమంతన్నావు,” అన్నాడు బావ. అన్నాడే కానీ ఒప్పుకున్నాడు.

వాడి చేతికి అందితే ఊరుకోడని, సోములు సన్నాయిని పాత పంచెలో చుట్టి చోళ్ల బానలో అడుక్కంటా దాచాను. మా అత్తకి చూపు ఆనదు. చెవులు మాత్రం పదును.

“బానలో ఏటి పెట్టినావు?” అంది.

చెప్పాను. ఎందుకు పెట్టానో కూడా చెప్పాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు.

అంబలి ఇస్తే తాగేది. చెయ్యి పడితే లేచేది. “అత్తా, కాళ్లు పీకుతన్నాయా?” అంటే జవాబుండేది కాదు. నేనే అడిగి, నేనే చెప్పుకునేదాన్ని. కొండబాబు పెళ్లిళ్ల నుంచి బుగ్గలు వాచి వచ్చేవాడు. వాడూ మాటలు తగ్గించాడు.

“నొప్పెడతందా బాబూ?” అని ఒకసారి అడిగాను.

“ఊపిరంతా పోతాదమ్మా. పాట మాత్రం రాదు,” అన్నాడు.

గాలి ఇటు తిరిగిన రోజున పక్క ఊరి మేళం మా అరుగు దాకా వినిపించేది. మా అత్త చెవి అటు పెట్టి, ముసలి వేళ్లు మోకాలి మీద కదుపుతూ కూర్చునేది. నేను గుమ్మంలో నిలబడి, అది విని ఎవరైనా వస్తున్నారేమోనని దారివైపు చూసేదాన్ని. ముగ్గురం ఉన్న ఇంట్లో నా గొంతు నాకే వినిపించేది.

చైత్రంలో రెవెన్యూ ఇనస్పెక్టరు పింఛన్ల విచారణకి వచ్చాడు, వెంట మునసబు. కొండబాబు గోడవారగా నిలబడ్డాడు.

“మీ అబ్బాయి మేళంలో తిరుగుతున్నాడటగా?” అన్నాడు ఇనస్పెక్టరు.

“ఒత్తే బాబూ. ఒట్టి గాలి ఊదుతాడు. అదీ ఒక కొలువేనా? పెళ్లికెళ్తే ఇంత తిండి పెడతారు,” అన్నాను.

మునసబు నవ్వాడు. “ఒత్తుగాడిని మేళగాడంటే మేళగాళ్లు కొడతారండీ,” అన్నాడు. ఇనస్పెక్టరూ నవ్వి కలం మూత తీశాడు. అమ్మయ్య అనుకున్నాను. కొండబాబు తల వంచుకున్నాడు.

“అడగాలి కనుక అడుగుతున్నాను. ఇంట్లో సంపాదించే మగమనిషి ఉన్నాడా మామ్మా?” అన్నాడు మా అత్తతో.

నేను దగ్గరికి వెళ్లి భుజం తట్టాను. “నేదని సెప్పత్తా,” అన్నాను మెల్లగా. మునసబు చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు. ఇనస్పెక్టరు కలం గాలిలోనే ఉంది. ఆమె చేత్తో తడుముకుని కొండబాబు ఉన్న వైపు మొహం తిప్పింది.

“ఉన్నాడు,” అంది. చాలా రోజులు వాడని గొంతు గరగరలాడింది. “మా సోములు కొడుకు. ఆ పింఛను మీరే ఉంచుకోండి బాబూ. ఒసే నారాయణమ్మా, బానలో సన్నాయి తీసి ఆడికియ్యి.”