అద్దాల బీరువాలో చిన్నోడి క్యాసెట్

ఒక భుజానికి పట్టీ, మరో చేతిలో గుడ్డ సంచీ. అలా బావమరిది షాపు మెట్లెక్కి వచ్చేసరికి ఆయన కౌంటరు వెనక కూర్చుని ఒక పాత క్యాసెట్టు అడుగున ఉండే ఇత్తడి గీతలను దూదితో తుడుస్తున్నాడు.

ఆయనది పాత వీడియో గేముల షాపు. టీవీకి తగిలించి ఆడుకునే పాతకాలపు మిషన్లు, వాటిలో పెట్టే క్యాసెట్లు ఎవరి అటకల మీదో దుమ్ముకొట్టుకుని ఉంటే కొనుక్కొచ్చి, శుభ్రం చేసి, అద్దాల బీరువాలో చిన్న లైటు కింద పెట్టి అమ్ముతాడు. కొన్నది ఎంతకో ఆయనకొక్కడికే తెలుసు. అమ్మే ధర చూసినవాళ్ళు మాత్రం ఒకసారి కళ్ళు నులుముకుని మళ్ళీ చూసేవాళ్ళు. ఎవరైనా ఇదేం రేటండీ అంటే, "చిన్నప్పటి రోజుల్ని మళ్ళీ కొనుక్కుంటున్నారు, ఆ మాత్రం ఉండదా మరి" అని నవ్వేవాడు. ఆ మాట చెప్పి చెప్పి ఆయనకే నిజమనిపించింది.

బావమరిదిని ఇంటిల్లిపాదీ చిన్నోడనే పిలుస్తారు. లిఫ్టు మెకానిక్కు అయ్యాడు, పెళ్ళయింది, బడికెళ్ళే కూతురుంది, అయినా చిన్నోడే. అసలీ షాపు వాడి పుణ్యమే. పెళ్ళయిన కొత్తలో ఆయన ఫోన్ కవర్లు అమ్ముకుంటూ ఉండేవాడు. అత్తవారింటికి వెళ్ళినప్పుడల్లా, అప్పటికింకా మీసం మొలవని చిన్నోడు ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఆటలో చిత్తుగా ఓడించి, "ఇవి ఇప్పుడెక్కడా దొరకట్లేదు తెలుసా బావా, ఎవరన్నా షాపు పెడితే ఎగబడి కొంటారు" అనేవాడు. షాపు పెట్టినప్పుడు నిచ్చెనెక్కి అరలకు రంగు వేసిందీ వాడే.

"డాక్టరు ఇంకా బరువులెత్తొద్దంటున్నాడు బావా," అంటూ చిన్నోడు సంచీ కౌంటరు మీద పెట్టాడు. పనిలో లిఫ్టు గుంతలో జారిపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. పనిలోకి వెళ్తే తప్ప జీతం రాని ఉద్యోగం. "ఇంట్లో ఊరికే పడున్నాయి. పనికొస్తాయేమో చూడు."

ఆయన ఒక్కొక్కటే బయటికి తీశాడు. చాలావరకు అందరి దగ్గరా ఉండేవే. సంచీ అడుగున మాత్రం 'సముద్ర కావలి' ఉంది. అట్టపెట్టె నలగలేదు, లోపలి చిన్న పుస్తకం చిరగలేదు. పెట్టెతో సహా ఆ ఆట దొరకడమంటే ఆయన వ్యాపారంలో పండగే. మొహం మాత్రం మారనివ్వలేదు.

క్యాసెట్టు మూల మీద చిన్న చిన్న గాట్లున్నాయి.

"అది పిచ్చుక పని. పళ్ళొచ్చేటప్పుడు కసిగా కొరికేసింది," అన్నాడు చిన్నోడు. పిచ్చుకంటే వాడి కూతురు. ఒక్కచోట నిలవదని ఆ పేరు. "దానివల్ల రేటు పడిపోతుందా?"

"పడిపోదా మరి?" అన్నాడాయన. "అయినా వీటిని ఇప్పుడెవడు అడుగుతున్నాడ్రా. నువ్వు కాబట్టి తీసుకుంటున్నా."

"రేట్ల సంగతి నాకేం తెలుసు బావా. నువ్వెంతంటే అంత."

ఇంట్లోకి వారం రోజులు పాలూ కూరగాయలూ వస్తాయో రావో, అంత లెక్కపెట్టి ఇచ్చాడు. చిన్నోడు చూసుకోకుండానే జేబులో పెట్టుకున్నాడు. మెట్లు దిగబోతుంటే వెనక్కి పిలిచి ఇంకో నోటు చేతిలో పెట్టి, "మామయ్య ఇచ్చాడని పిచ్చుకకి ఏదన్నా కొనిపెట్టు" అన్నాడు. చిన్నోడి కళ్ళు చెమర్చాయి. తర్వాత్తర్వాత ఆయన్ని అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది ఆ నోటే.

వాడు వీధి మలుపు తిరిగాక 'సముద్ర కావలి'ని బీరువా మధ్య అరలో, అందరి కళ్ళూ పడేచోట పెట్టి చీటీ అతికించాడు. దాని మీద వేసిన ధర షాపు రెండు నెలల అద్దెంత. వేరేవాళ్ళకైతే ఇంతకంటే తక్కువే ఇచ్చేవాణ్ణి కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఆ రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం షాపుకి పళ్ళ డాక్టరొకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. బీరువా ముందు చాలాసేపు నిలబడి, చివరికి 'సముద్ర కావలి' చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి మూల దగ్గర ఆగాడు.

"ఇవేంటి, పళ్ళ గాట్లలా ఉన్నాయి?"

"అబ్బే, పార్సిల్లో వచ్చేటప్పుడు ఏదో ఒరుసుకుందండి."

"నేను రోజంతా చూసేది పళ్ళేనండీ," అని నవ్వి తన కార్డు చేతికిచ్చాడు డాక్టరు. "ఇవి పాలపళ్ళు. ఇంత ధర చెప్తున్నారు, దీనికైనా కొంచెం తగ్గించండి."

ఆయన గొంతు తగ్గించి, ఎప్పుడూ చెప్పే పాఠం మొదలుపెట్టాడు. "చూడండి డాక్టరుగారూ, దీన్ని పాత గేములు సేకరించే ఒక పెద్ద కలెక్టరు దగ్గర కాళ్ళావేళ్ళా పడి తెచ్చా. ఆయన అడిగినంతా పోశా. మీకు అమ్మితే నాకు మిగిలేది షాపు లైటు బిల్లు కూడా కాదు."

చెప్తూ చెప్తూ తలుపు వైపు చూశాడు. చిన్నోడు నిలబడి ఉన్నాడు, కూతురి చెయ్యి పట్టుకుని. భుజానికి వ్యాయామం చేయించుకోవడానికి వెళ్తూ, పిల్లని షాపులో దింపితే వాళ్ళత్త వచ్చి ఇంటికి తీసుకెళ్ళేలా పొద్దున్నే అనుకున్నారు. ఆయనే మర్చిపోయాడు. వాళ్ళు ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియలేదు.

పిచ్చుక చెయ్యి విడిపించుకుని కౌంటరు దగ్గరికి పరుగెత్తింది. మునివేళ్ళ మీద లేచి చూసింది.

"నాన్నా, మన ఓడ ఆట! ఇదిగో, నేను కొరికింది."

డాక్టరు పిల్ల వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు.

చిన్నోడు మెల్లగా వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. వాడి చూపు క్యాసెట్టు మీద లేదు, బావ మీద లేదు, చీటీ మీద ఉంది. అంకెల్ని ఒక్కొక్కటిగా చదువుకుంటున్నట్టు పెదాలు కదిలాయి.

"కాదు తల్లీ," అన్నాడు. "మనది వేరే. ఇలాంటివి చాలా ఉంటాయి."

"కాదు నాన్నా, ఇది..."

"చెప్తున్నా కదా. పద, బయట కూర్చుందాం. మామయ్య బేరంలో ఉన్నాడు."

బయట మెట్టు మీద తండ్రీకూతుళ్ళు వీపులు తిప్పి కూర్చోవడం అద్దంలోంచి కనపడుతూనే ఉంది. అప్పుడైనా ఆయన క్యాసెట్టు లోపల పెట్టేసి, ఇది అమ్మకానికి కాదండీ అనుంటే కథ వేరేగా ఉండేది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ అంటే, చిన్నోడు కప్పిపుచ్చిన దాన్ని తనే విప్పి చూపించినట్టవుతుంది. డాక్టరు ముందు దొంగగా నిలబడాలి. అది తలుచుకుని ఆగిపోయాడు.

డాక్టరు మరి బేరమాడలేదు. చెప్పినంతా కౌంటరు మీద పెట్టి, సంచీ కూడా అడక్కుండా, పెట్టెని రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయాడు. మెట్ల దగ్గర ఆగి పిచ్చుకని ఏదో అడిగాడు. ఆ పిల్ల నోరు బార్లా తెరిచి చూపించింది.

ఆ రోజు సాయంత్రం భార్య అన్నం వడ్డిస్తూ అడిగింది. "పిచ్చుక ఏదో చెప్తోంది. తమ్ముడి ఆట మీరు కొన్నారా?"

"వాడే తెచ్చి అమ్మాడు."

"ఎంతిచ్చారు?"

ఇచ్చినదానికి నాలుగింతలు చేసి చెప్పాడు. చెప్పాక గాని తెలియలేదు, ఈ మనిషితో కూడా అబద్ధమాడానని.

ఆమె గరిటె గిన్నెలో పెట్టింది. "వాణ్ణి అడిగి చూడనా?"

ఆయన కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె కోప్పడితే బాగుండునని ఎదురుచూశాడు. కోప్పడలేదు. పెరుగు గిన్నె దగ్గరికి జరిపి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం షాపు తెరవకుండా, కార్డు మీది అడ్రసు పట్టుకుని పళ్ళ డాక్టరు క్లినిక్కుకి వెళ్ళాడు. చెంపలు పట్టుకుని కూర్చున్న రోగుల మధ్య, ఏ నొప్పీ లేకుండా తన వంతు కోసం కూర్చున్నాడు. లోపలికి పిలిచాక డాక్టరు కుర్చీలో పడుకోమన్నాడు. అలవాటు కొద్దీ ఆయన పడుకున్నాడు కూడా. మొహం మీద లైటు పడ్డాక చెప్పాడు.

"పళ్ళు కాదండీ. ఆ క్యాసెట్టు వెనక్కిస్తారేమోనని. డబ్బు మొత్తం తెచ్చా."

డాక్టరు లైటు ఆర్పాడు. "ఆ పాప మీకేమవుతుంది?"

"మా బావమరిది కూతురండి."

"మరి కలెక్టరు?"

అలా వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, జరిగిందంతా చెప్పాడు. లేచి కూర్చుని చెప్పే ధైర్యం లేకపోయింది.

"ఆ రోజే అనుకున్నా," అన్నాడు డాక్టరు. "కానీ ఇవ్వలేనండీ. మా అబ్బాయి నాతో మాట్లాడ్డం మానేసి చాన్నాళ్ళయింది. ఇప్పుడు రోజూ ఇద్దరం దాని ముందు కూర్చుంటున్నాం. పాపని ఎప్పుడైనా తీసుకురండి, ఆడుకుంటుంది."

ఆ పిల్లని ఏ మొహంతో తీసుకెళ్ళగలడు?

క్లినిక్కు నుంచి తిన్నగా చిన్నోడింటికి వెళ్ళాడు. తలుపు తీసింది వాడే. పట్టీ తీసేశారు గానీ చెయ్యింకా పైకి లేవడం లేదు. ముందు గదిలో పిచ్చుక బొమ్మల బుట్ట నేల మీద బోర్లించుకుని ఆడుకుంటోంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడి, మామూలుగానే, అందులో ఏ ఎత్తిపొడుపూ లేకుండా అడిగింది.

"మామయ్యా, ఇవాళ ఏం తీసుకెళ్తావు?"

"ఏమీ లేదమ్మా," అన్నాడాయన. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. పిల్ల నమ్మినట్టు లేదు. బొమ్మలన్నీ బుట్టలో వేసుకుని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది.

ఆయన డబ్బు కవరు బల్ల మీద పెట్టాడు. "డాక్టరిచ్చింది మొత్తం ఉందిరా ఇందులో. నేను చేసింది..."

చిన్నోడు వద్దనలేదు. వద్దంటాడని, రెండుసార్లు బతిమాలి చేతిలో కుక్కాలని ఆయన దారంతా అనుకుంటూ వచ్చాడు. అలా జరిగుంటే కాస్త బరువు దిగేది. చిన్నోడు కవరు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చాడు.

"అవసరంలో ఉన్నా కాబట్టి తీసుకుంటున్నా," అన్నాడు. "కూర్చోండి బావగారూ. మంచినీళ్ళు తెస్తా."

వాడి నోట బావా తప్ప గారు అన్నది ఆయన ఎన్నడూ వినలేదు. నువ్వు నువ్వంటూ భుజం మీద చెయ్యేసి పెరిగినవాడు. కోపం కాదది. బ్యాంకులో ఎవరో పెద్దమనిషితో మాట్లాడుతున్నంత మర్యాద.

"నన్ను తిట్టురా," అన్నాడాయన.

"అయ్యో, మిమ్మల్ని నేనెందుకు తిడతానండీ?" అన్నాడు చిన్నోడు. నీళ్ళు తెచ్చాడు. ఆయన గ్లాసు ఖాళీ చేసేదాకా ఎదురుగా నిలబడే ఉన్నాడు.

తర్వాత షాపులో ఆయన కలెక్టరు పాఠం చెప్పడం మానేశాడు. ఎవరైనా పాత క్యాసెట్లు తెస్తే, ఇది నేనింతకు అమ్ముతాను, మీకింతిస్తాను అని ముందే చెప్తున్నాడు. కొందరు అలా విని, సంచీ సర్దుకుని, వాళ్ళే అమ్ముకోవడానికి వెళ్ళిపోతున్నారు. మిగులు తగ్గింది. దానికి ఎవరూ ఆయన్ని మెచ్చుకోలేదు. మెచ్చుకోవాల్సిన పని కాదని ఆయనకూ తెలుసు. భార్య మాటలు మళ్ళీ మామూలయ్యాయి గానీ తమ్ముడి సంగతి వస్తే మాట మార్చేస్తుంది.

చిన్నోడు పనిలో చేరాడు. సెలవుల్లో పిచ్చుకని అత్త దగ్గరికి దింపడానికి వచ్చినప్పుడు షాపుకి ఎదురుగా రోడ్డవతల బండి ఆపుతాడు. అక్కే వెళ్ళి పిల్లని రోడ్డు దాటిస్తుంది. మొన్న ఒకసారి ఆయన తలుపు దాకా వచ్చి చెయ్యి ఊపాడు. చిన్నోడు హెల్మెట్టు తీసి, తల కొంచెం వంచి, దణ్ణం పెట్టాడు. వచ్చేపోయే బండ్ల సందుల్లోంచి ఆయన అది చూసి, లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.